స్కీ స్కిన్లు, కోడి ఈక, కొబ్బరితాడు

సంక్రాంతికి బావ నార్వే నుంచి వచ్చినప్పుడు రాజమండ్రి స్టేషన్ బయట కారు డ్రైవరు ఆ పొడవాటి సంచిని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసి, “తెడ్లాండీ?” అని అడిగాడు. ఆరున్నర అడుగుల పొడవు, జానెడు వెడల్పు, ఒక కొస పైకి వంగి ఉంది. గోదావరి మనిషి కంటికి అది తెడ్డు కాక ఇంకేమవుతుంది? బావ “అవును” అనేశాడు. మంచు మీద నడవడానికి కాళ్లకు తగిలించుకునే స్కీ పలకలని చెబితే అమలాపురం వచ్చేదాకా ప్రశ్నలు ఆగవని అతని భయం. డ్రైవరు డిక్కీలోంచి కొబ్బరితాడు తీసి సంచిని కారు పైన బిగించి కట్టాడు. ఇంటి దగ్గర దింపాక ఆ తాడు సంచితోనే ఉండిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

సంచిలో నా కోసం తెచ్చిన పాత స్కీల జత ఒకటి, వాటి అడుగున అంటించే కొత్త స్కిన్ల జత ఒకటి ఉన్నాయి. అంతకుముందు ఏడాది నేను ఉత్తరాఖండ్‌లోని ఔలీలో రెండు వారాలు స్కీయింగ్ నేర్చుకున్నాను. అక్కడ నేర్పింది చాలావరకు దిగడం. నా మనసు మాత్రం ఔలీ పైన, అడవి దాటాక వచ్చే గోర్సన్ బుగ్యాల్ మీద పడింది. బుగ్యాల్ అంటే గఢ్వాల్ వాళ్ల మాటలో కొండల మీది పచ్చికమైదానం. చలికాలంలో అది మంచుమైదానం. అక్కడికి లిఫ్టు లేదు, కాళ్లతోనే ఎక్కాలి. స్కీ అడుగేమో నున్నగా ఉండి, పైకి ఒక అడుగు వేస్తే వెనక్కి రెండడుగులు జారుస్తుంది. బావ తెచ్చిన స్కీలకు అడుగున, సరిగ్గా పాదం ఉండే చోట, చేప పొలుసుల్లాంటి గీతలున్నాయి. అమ్మ వాటిని తడిమి “పులస పొలుసులే” అంది. చిన్న వాలైతే ఆ పొలుసులు సరిపోతాయి. వాలు పెరిగితే స్కిన్ కావాలి.

స్కిన్ అంటే స్కీ పొడవునా అంటించే పట్టీ. ఒకవైపు పొట్టి బొచ్చు, రెండోవైపు జిగురు. బొచ్చంతా వెనక్కి వాలి ఉంటుంది. ముందుకు తోస్తే జారుతుంది, వెనక్కి జారబోతే వెంట్రుకలు నిక్కబొడుచుకుని మంచును పట్టుకుంటాయి. పూర్వం ఉత్తరదేశాల వాళ్లు సీల్ అనే సముద్రజంతువు తోలు కట్టుకునేవారు. తోలు పోయినా పేరు మిగిలింది.

మా కొబ్బరితోటకు రెండు నెలలకొకసారి దింపుకు వచ్చే పెద్దాయన ఆ పట్టీని చేతిలోకి తీసుకుని ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి నిమిరి చూశాడు. ముప్పై ఏళ్లుగా కాళ్లకు బంధం వేసుకుని చెట్లెక్కుతున్న మనిషి. ఎవరూ ఏమీ చెప్పకుండానే, “ఇది ఎక్కడానికే పనికొస్తుంది బాబూ, దిగేటప్పుడు తీసెయ్యాలి కదా?” అన్నాడు. ఔలీలో మా తరగతిలో ఇద్దరు ఇంజనీర్లు ఉండేవారు, వాళ్లకు ఈ సంగతి తట్టడానికి అరగంట పట్టింది.

ఎంపిక దగ్గరే నేను మొదటి తప్పు చేశాను. బావ అక్టోబరులోనే ఫోన్ చేసి ఏ రకం కావాలని అడిగాడు. బొచ్చు మూడు రకాలట. ఒకటి మొహైర్, అంటే అంగోరా మేక వెంట్రుకలు. తేలిక, మంచు మీద హాయిగా జారుతుంది, కాని నీళ్లు పీలుస్తుంది, తొందరగా అరుగుతుంది. రెండోది నైలాన్. గట్టి పట్టు, ఎక్కువ కాలం మన్నుతుంది, బరువు, జారడం తక్కువ. మూడోది రెండూ కలిపి నేసింది. చాలా కంపెనీలు మొహైర్ డెబ్బై పాళ్లు, నైలాన్ ముప్పై పాళ్లు చొప్పున కలుపుతాయి. తర్వాత పొడవు. స్కీ మొత్తానికి అంటుకునే నిలువు పట్టీ కొనవచ్చు, లేదా పాదం కింద భాగానికి మాత్రమే అతికే పొట్టిది కొనవచ్చు. ఈ పొట్టివి, చదును మంచు మీద దూరాలు పోయే పల్చటి క్రాస్‌కంట్రీ స్కీల వాళ్లకు ఇష్టం. ముందూ వెనకా స్కీ అడుగు ఖాళీగా ఉంటుంది కాబట్టి సమతలం మీద జారుతూ పోవచ్చు.

“నువ్వు ఎక్కబోయేది గోడ కాదు, మెల్లగా లేచే మైదానం. పొట్టి మొహైర్ చాలు” అన్నాడు బావ. అతను ఉండేది ట్రాండ్‌హైమ్‌లో. ఊరి పక్కనే బైమార్కా అడవి, శీతాకాలమంతా అందులోనే తిరుగుతాడు. అలాంటి వాడి మాట వినాలి. నేను వినలేదు. మాది కొబ్బరిపీచు, తాళ్ల వ్యాపారం. తాడు కొనేవాడు “తెగదు కదా?” అని అడుగుతాడు, “నున్నగా ఉందా?” అని ఎవడూ అడగడు. ఆ బుద్ధితోనే నైలాన్, నిలువు పొడవు, నిండు వెడల్పు అన్నాను. పట్టు ఉంటే చాలు, మిగతాది నా కాళ్లు చూసుకుంటాయి అని కూడా అన్నాను. ఆ మాట బావ ఇప్పటికీ మర్చిపోలేదు.

నిండు వెడల్పు స్కిన్ తిన్నగా ఉన్న పట్టీగా వస్తుంది. స్కీకి మాత్రం నడుము ఉంటుంది. నా స్కీ ముందు భాగం 84 మిల్లీమీటర్లు, పాదం కింద 62. కాబట్టి పట్టీని ఆ వంపుకు కోసుకోవాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. స్కీ రెండు అంచుల వెంటా సన్నటి ఉక్కు రేకు ఉంటుంది. గట్టిపడిన మంచు మీద అడ్డంగా నడిచేటప్పుడు ఆ రేకే కోసుకుని నిలబెడుతుంది. బొచ్చు దాన్ని కప్పేస్తే మనిషి పక్కకు జారిపోతాడు. అందుకని రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి. అంత సన్నటి గీత చేత్తో కొలిచి కోయలేం. అందుకు పట్టీని నడిమధ్య అంటించి, రెండు మిల్లీమీటర్లు కుడికి జరిపి, కుడి అంచు వెంట కోయాలి. తర్వాత మధ్య గీత దాటించి రెండు మిల్లీమీటర్లు ఎడమకు జరిపి, ఎడమ అంచు వెంట కోయాలి. చివరకు మధ్యలో పెడితే ఖాళీ దానంతట అదే వస్తుంది.

భోగి ముందు రోజు సాయంత్రం అరుగు మీద స్కీ బోర్లా పెట్టుకుని కూర్చున్నాను. ప్యాకెట్టులో ఇచ్చిన చిన్న బ్లేడు పనిముట్టు చేతిలో ఉంది. పట్టీని ఎడమకు జరిపి కుడివైపు కోశాను. కోసేటప్పుడు బ్లేడు చేసిన కరకర శబ్దం ఎంత బాగుందంటే, కొస దాకా ఆగకుండా వెళ్లిపోయాను. మధ్యలో పెట్టి చూస్తే బొచ్చు రేకు దాటి బయటికి వేలాడుతోంది. బావ వచ్చి చూసి నవ్వాడు. “తప్పు చేస్తే ఇలాంటి తప్పే చెయ్యాలి. ఎక్కువ మిగిలితే మళ్లీ కోసుకోవచ్చు, తక్కువైతే అతికించలేం.” రెండోసారి అతను పక్కన కూర్చుని “కుడికి, కుడికి” అంటుండగా కోశాను.

అసలు నష్టం అప్పుడు జరగలేదు. కోసిన పట్టీని జిగురు పైకి ఉండేలా అరుగు మీద పరిచి, కాఫీకి లోపలికి వెళ్లాం. అది పండగ వారం. పక్కింటి పుంజు ఏడాదంతా బాదంపప్పు, జీడిపప్పు తిని ఆ మూడు రోజుల కోసమే పెరిగిన పుంజు. అది గోడ దూకి అరుగెక్కింది. మేము వచ్చేసరికి ఒక కాలు జిగురులో పెట్టి, పీక్కోలేక రెక్కలు కొట్టుకుంటోంది. దాని రెక్కల గాలికి పెరట్లోని కొబ్బరిపొట్టు లేచి పట్టీ మీద పడింది. పుంజును విడిపించాం. దాని యజమాని వచ్చి కాలి గోళ్లు ఒక్కొక్కటీ పరీక్షించి, మమ్మల్ని ఒక చూపు చూసి వెళ్లాడు. పట్టీ తోక భాగంలో మూరెడు మేర ఎర్రటి ఈక ముక్కలు, పొట్టు. అమ్మ ముళ్లు తీసే శ్రావణం ఇచ్చింది. దీపం పెట్టుకుని రాత్రి పది దాకా ఏరాను. ఈకలు వచ్చాయి. పొట్టు రాలేదు. కొబ్బరిపొట్టు సంగతి మా వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు, ఒకసారి పట్టిందంటే దులిపేకొద్దీ లోపలికి పోతుంది.

మూరెడే కదా, ఏమవుతుందిలే అనుకున్నాను.

సాధన కూడా చేశాను. మా ఊళ్లో వాలు అంటే ఏటిగట్టే. తెల్లవారుజామున గట్టు మీద ఎండుగడ్డి పరిచి, స్కిన్లు లేకుండా స్కీలు తగిలించుకుని, వాలులో అటు తిరిగి ఇటు తిరగడం అలవాటు చేసుకున్నాను. నిటారు వాలుకు తిన్నగా ఎక్కలేం, మెలికలుగా పోవాలి. ప్రతి మెలికలోనూ ఒక స్కీని గాలిలోకి ఎత్తి వెనక్కి తిప్పి పెట్టి, రెండోదాన్ని దాని పక్కకు తెచ్చుకోవాలి. మూడో రోజు గేదెలు తోలుకుపోతున్న కుర్రాడు చూశాడు. నాలుగో రోజు ఏడుగురు వచ్చారు. అక్కడితో ఆపేశాను.

ఫిబ్రవరిలో ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి ఋషికేశ్, మరో 250 కిలోమీటర్ల కొండదారిలో జోషీమఠ్, ఆపైన ఔలీ. ప్రయాణం గురించి చెప్పడానికి ఏమీ లేదు, నడుము నొప్పి తప్ప. సంచికి కొబ్బరితాడు అలాగే చుట్టి ఉంది.

ఎక్కే రోజు పొద్దున మా శిక్షకుడు స్కీ అడుగు చేతి గుడ్డతో తుడిపించాడు. పొడిగా లేకపోతే జిగురు పట్టదు. ముందు కొసకు స్కిన్ లూపు తగిలించి, లాగి పట్టి, అరచేత్తో నొక్కుకుంటూ తోక దాకా వచ్చి, క్లిప్పు వేశాం. నడక మొదలుపెట్టగానే ఆయన హిందీలో ఒకటే మాట పదిసార్లు చెప్పాడు, కాలు ఎత్తవద్దు, ఈడ్చు. నేను వరిచేలో బురదలో నడిచినట్టు మోకాళ్లు ఎత్తి ఎత్తి వేస్తున్నాను. స్కీని మంచు మీదనే ఉంచి ముందుకు తోయాలి, అప్పుడే బలం మిగులుతుంది. ఇంకోటి, వాలు పెరిగేకొద్దీ మనిషి భయంతో ముందుకు వంగుతాడు. వంగితే బరువు వేళ్ల మీదికి పోయి, మడమ కింద బొచ్చు మంచుకు అందక జారుతుంది. నిటారుగా నిలబడి మడమ మీద బరువు వేస్తే, జారుతుందనుకున్న చోటే నిలబడుతుంది. ఇది నమ్మడానికి నాకు గంట పట్టింది. నమ్మాక మాత్రం ఆ శబ్దం వినబడడం మొదలైంది. సర్ర్, ఆగడం, సర్ర్, ఆగడం. పీచు దువ్వే యంత్రం నెమ్మదిగా తిరుగుతున్నట్టు.

నైలాన్ పట్టు విషయంలో నేను మోసపోలేదు, ఒక్కసారి కూడా వెనక్కి జారలేదు. కాని ముందుకూ జారలేదు. నా పక్కన మొహైర్ వేసుకున్నవాళ్లు ఒక తోపుకు మూరెడు పోతుంటే నేను జానెడు పోతున్నాను. అడవిలో వాలుగా ఉన్నంతసేపు తేడా తెలియలేదు. చెట్లు పలచబడి నేల చదునయ్యాక తెలిసింది. వాళ్లు జారుతున్నారు, నేను నడుస్తున్నాను. బావ మాట ప్రతి అడుగుకూ గుర్తొచ్చింది.

మధ్యలో ఎండ తగిలిన చోట మంచు తడిగా ఉంది. అది దాటి చెట్ల నీడలోకి రాగానే కాళ్లు బరువెక్కాయి. స్కీ ఎత్తి చూస్తే అడుగున బెత్తెడు మందాన మంచు ముద్ద. ఎండలో తడిసిన బొచ్చు నీడలోని చలికి గడ్డకట్టి, దొరికిన మంచునంతా అంటించుకుంటోంది. తొలకరిలో రేగడి గట్టు మీద నడిస్తే చెప్పులు కిలో బరువవుతాయి చూడండి, అచ్చం అలాగే. శిక్షకుడు సబ్బుబిళ్ల లాంటి మైనం ముద్ద ఇచ్చి, బొచ్చు వాలిన వైపే రుద్దమన్నాడు. నాలుగు రుద్దులకు ముద్దలు కట్టడం ఆగింది. ఆ మైనాన్ని ఎక్కడానికి ముందే, ఇంటి దగ్గరే రుద్దుకోవాలని తర్వాత తెలిసింది.

బుగ్యాల్ అంచుకు చేరాక 7,816 మీటర్ల నందాదేవి కళ్ల ముందే ఉంది. నేను దాన్ని సరిగ్గా చూసింది రెండు నిమిషాలే. మంచి ఫోటో కూడా లేదు. ఎందుకంటే స్కిన్లు తీసి మడవడంలో మునిగిపోయాను. చిన్న పల్లం ఒకటి దిగి, అవతల గట్టు ఎక్కాలి. తీసిన స్కిన్లను జిగురుకు జిగురు అతికించి మడిచి, చొక్కాకు కోటుకు మధ్య పెట్టుకోమని శిక్షకుడు చెప్పాడు, ఒంటి వేడికి జిగురు మెత్తగా ఉంటుంది. నాకేమో చెమట పట్టి ఉంది, ఆ తడి ముద్దను కడుపు మీద పెట్టుకోవడం చిరాకనిపించింది. వీపు సంచి పైజేబులో కుక్కాను.

పల్లం దిగి మళ్లీ అంటించేసరికి జిగురు గాజులా బిగుసుకుపోయింది. ముందు భాగం ఎలాగో పట్టింది. ఇరవై అడుగులు వేశాక కుడికాలి తోక లేచింది. ఎక్కడ లేచిందో చెప్పక్కర్లేదు, సరిగ్గా కొబ్బరిపొట్టు పట్టిన ఆ మూరెడు మేరే. అందులోంచి మంచు దూరింది. మంచు దూరిన జిగురు ఇక జిగురు కాదు. మరో పదడుగులకు పట్టీ మొత్తం ఊడి, ముందు లూపుకు వేలాడుతూ గాలిపటం తోకలా వెంట వస్తోంది. తుడిచాను, చంకలో పెట్టి వేడి చేశాను, రెండుసార్లు అంటించాను. రెండుసార్లూ ఊడింది.

అప్పుడు గుర్తొచ్చింది తాడు. పొద్దున సంచి విప్పినప్పుడు అలవాటుగా చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాను. తాళ్ల వ్యాపారి తాడు పారెయ్యలేడు. దాన్ని ఆ స్కీకి, పాదానికి ముందు నాలుగు చుట్లు, వెనక నాలుగు చుట్లు, అడుగున ముళ్లు వచ్చేలా బిగించి కట్టాను. కొబ్బరిపీచు తడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఎడమ కాలికి నైలాన్ స్కిన్, కుడి కాలికి కోనసీమ తాడు. జారడమన్న మాటే లేదు, ఆ కాలు ఎత్తి ఎత్తి వేయాల్సి వచ్చింది, కుంటివాడిలా. కాని వెనక్కి రాలేదు. గట్టెక్కాను.

శిక్షకుడు తాడును వేళ్ల మధ్య నలిపి దేనితో చేశారని అడిగాడు. కొబ్బరికాయ పైడొక్క అంటే ఆయనకు వింతగా ఉంది. తాడు ఆయన దగ్గరే ఉంచుకున్నారు.

ఇంటికొచ్చాక చేసిన తప్పులు ఇంకా పెద్దవి. తడి స్కిన్లను పాలిథిన్ సంచిలో కట్టేసి మూడు రోజులు ప్రయాణం చేశాను. విప్పితే తడి గోనెసంచి వాసన. దండెం మీద ఎండలో ఆరేశాను, అదీ తప్పే, నీడలో గాలికి ఆరాలి. తర్వాత జిగురుకు జిగురు మడిచి, రేకుపెట్టెలో పెట్టి అటకెక్కించాను. మా ఇల్లు పెంకుటిల్లు. రోహిణి కార్తెలో ఆ అటక మీద ఆవకాయ జాడీ ముట్టుకుంటేనే చెయ్యి కాలుతుంది. నార్వేలో బావ వాటిని నేలమాళిగ చల్లదనంలో వేలాడదీస్తాడు. ఆ సంగతి నేను అడగలేదు, నాకు అటక ఉంటుందని అతనికి తోచలేదు.

కార్తికంలో పెట్టె దింపి చూస్తే రెండు పొరలూ ఒకటైపోయాయి. ఒక కొస బావమరిది, ఒక కొస నేను పట్టుకుని లాగాం. పనస తొనల మధ్య జిగురులా తీగలు తీగలుగా సాగి, చివరకు ఒకవైపు జిగురంతా రెండోవైపుకు ముద్దలుగా వచ్చేసింది. పనసకాయ కోసేటప్పుడైతే చేతులకు నూనె రాసుకుంటాం. ఇక్కడ నూనె చుక్క తగిలితే ఆ చోట మళ్లీ ఎన్నటికీ అంటుకోదు.

పారేద్దామనుకున్నాను. పాత జిగురు తీసి కొత్తది పూయవచ్చని బావ చెప్పి, వచ్చేవాళ్ల చేత జిగురు డబ్బా పంపాడు. తీసే పద్ధతి మాత్రం మన ఇళ్లలో జరిగే పనే. పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే గోధుమరంగు కాగితాన్ని జిగురు మీద పరిచి, ఇస్త్రీపెట్టె నెమ్మదిగా నడిపి, వేడిగా ఉండగానే కాగితాన్ని లాగాలి. జిగురు కాగితంతో వచ్చేస్తుంది. ఇస్త్రీ వేడి మధ్యస్థంగానే ఉండాలి, నైలాన్ కరుగుతుంది. మొదటి కాగితం లాగినప్పుడు దాని మీద ఎర్రటి ఈక తునక ఒకటి, కొబ్బరిపొట్టు మొత్తం వచ్చాయి. పదిహేడు కాగితాలు పట్టాయి. మొండిగా మిగిలిన చోట్ల అట్లకాడతో గీశాను. ఆ అట్లకాడ మళ్లీ వంటింట్లోకి వెళ్లలేదు, అమ్మ కొత్తది కొనిపించింది.

పూయడానికి వానలు పూర్తిగా వెనకబడే దాకా ఆగాను. మార్గశిరం చివర, గాలి పొడిగా ఉన్న రోజు చూసుకుని, కిటికీలు తీసి, పల్చగా ఒక పూత పూశాను. రాత్రంతా ఆరనిచ్చి ఇంకో పూత. దట్టంగా ఒక్కసారే పూస్తే లోపల ఆరదు. ఈసారి కోళ్ల భయం లేదు కాని, మా కాలువ పక్క ఇంట్లో దోమలు ఊరుకుంటాయా? మంచం మీద బల్లచెక్క వేసి, స్కిన్లు పరిచి, దోమతెర దించాను. ఆ రెండు రాత్రులూ నేను వరండాలో దోమల మధ్య పడుకున్నాను.

ఇప్పుడవి మధ్యలో జాలీ గుడ్డ పెట్టి మడిచి, గాలి చొరని సంచిలో, ఫ్రిజ్ అడుగున కూరగాయల పెట్టెలో ఉన్నాయి. బావ ఈ సంక్రాంతికి పొట్టి మొహైర్ స్కిన్లు తెస్తున్నాడు. 45 మిల్లీమీటర్ల తిన్నటి పట్టీ, కోయాల్సిన పనిలేదు. వంకాయలు బయట పెట్టుకుని వాడిపోతున్నాయని అమ్మ నెల నుంచి అంటోంది. కొత్తవి గుమ్మంలోకి వచ్చిన రోజే పాతవి ఫ్రిజ్ దిగాలని షరతు పెట్టింది.